దొంగ ఎప్పుడూ ఫ్యూజు బాబాయే

ఫ్యూజు బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ ఏది చెడినా ముందు అన్నీ ఆపేస్తారు. తర్వాత ఒక్కొక్కటే వేసుకుంటూ వస్తారు. ఏది వేసినప్పుడు మళ్ళీ చెడుతుందో అదే దొంగ అని తేలుస్తారు. ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేరు. చిత్రమేమిటంటే, ఇంత హడావుడి చేసి, అందరి పనులూ ఆపించి, గంటలకు గంటలు తినేసి, చివరికి ఆయన పట్టుకునే దొంగ ఎప్పుడూ ఆయనే.

ఆయన నాకు చుట్టం కాదు. ఆఫీసులో అందరికీ బాబాయే, మా మేడమ్‌కి కూడా. వెబ్‌సైట్ల పనిలోకి రాకముందు ఇరవయ్యేళ్ళు కరెంటు పని చేశారు. ఇంట్లో ఎక్కడ షార్టయిందో తెలియకపోతే ఫ్యూజులన్నీ పీకేసి ఒక్కొక్కటే పెట్టి చూడటం అక్కడ అబ్బిన విద్య. మోకాళ్ళు ఇక నిచ్చెన ఎక్కలేమని మొండికేశాక, యాభై ఏళ్ళ వయసులో కంప్యూటరు ముందు కూర్చుని సైట్లు బాగుచేయడం నేర్చుకున్నారు. పని మారింది గానీ జబ్బు మారలేదు. పైగా ఈ పనిలో దానికి మంచి మేత దొరికింది. ఒక్కో సైటుకీ ఇరవై ముప్ఫై ప్లగిన్లు తగిలించి ఉంటాయి. ప్లగిన్ అంటే సైటుకి కొత్త పని నేర్పే చిన్న అమరిక. ఒకటి ఫోటోలు చూపిస్తుంది, ఒకటి ఆర్డర్లు తీసుకుంటుంది, ఒకటి ఏం చేస్తుందో పెట్టినవాళ్ళకి కూడా గుర్తుండదు.

మా ఆఫీసంటే ఒక టైర్ల షాపు మీద రెండు గదులు. పదేళ్ళు ఇంటిపట్టున ఉండి, పిల్లలు కాస్త ఎదిగాక నేను మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటే, పదహారు చోట్ల ఒకటే ప్రశ్న వేశారు, "ఈ పదేళ్ళూ ఏం చేశారు?" అని. ఇద్దరు పిల్లల్ని పెంచానని చెబితే జాలిగా తలూపి పంపించేశారు. పదిహేడో చోట మేడమ్ ఆ ప్రశ్న వేయలేదు. "మూడు నెలలు చూస్తాను. పని నచ్చితే ఉంటావు, నచ్చకపోతే వెళ్తావు" అన్నారు. ఆ మాటలో జాలి లేదు కాబట్టి నాకు నచ్చింది.

నేను చేరిన రోజే గదిలో ఎక్కణ్ణుంచో గుయ్యిమని సన్నటి రొద మొదలైంది. బాబాయి కుర్చీలోంచి లేచారు.

"అన్నీ ఆపండి."

"సగం మెయిల్ రాశాను బాబాయ్" అన్నాడు బొమ్మలాయన. సైట్లకు బొమ్మలూ రంగులూ చూసే మనిషి అతను.

"మిగతా సగం ఈలోగా ఆలోచించుకో."

ఫ్యాన్లు, లైట్లు, కంప్యూటర్లు, కాఫీ మెషీను అన్నీ ఆగిపోయాయి. బాబాయి చెవి వెనకనుంచి పెన్సిలు తీసి ఒక కాగితం మీద వరస రాసుకున్నారు. ఆ వరస కాగితం ఎవరికీ చూపించరు. ముప్పావుగంట పాటు మేమంతా చెమటలు కక్కుకుంటూ ఒక్కో స్విచ్చే వేయడం, ఆయన ఒక చెవి గోడకు ఆనించి తల అడ్డంగా ఊపడం. చివరికి ఆయన ఫోను చార్జరు పెట్టగానే గుయ్యిమంది.

"దొంగ దొరికాడు" అన్నారు ఎంతో తృప్తిగా.

"అది మీదే కదా బాబాయ్."

"నాదే. సిగ్గుగా ఉంది."

సిగ్గు ఆ ముఖంలో భూతద్దం పెట్టి వెతికినా కనపడలేదు. ఈయన కింద నేను పని నేర్చుకోవాలి కాబోలు అనుకుని నీరుగారిపోయాను.

ఆయన ఇంట్లో ఎలా ఉంటారో పిన్ని నోట విన్నాను. పిన్ని అంటే బాబాయి భార్య. ఆయన మర్చిపోయిన భోజనం డబ్బా పట్టుకుని వారానికి మూడుసార్లు మా మెట్లెక్కేది. ఎక్కిన ప్రతిసారీ ఆయాసం తీరేదాకా ఒక కథ చెప్పేది.

"మా ఆడపడుచు మనవడు ఆరు నెలల వాడు. ఒకటే ఏడుపు. అత్తేమో కోడలికి ఎత్తుకోవడం రాదంటుంది, కోడలేమో అత్తగారు ఊరికే కదుపుతోందంటుంది. రెండ్రోజులు మాటల్లేవు ఇద్దరికీ. ఈయన వెళ్ళారు చూడ్డానికి."

"అన్నీ ఆపేశారా?"

"ఆపడమేంటి, ఇల్లు ఖాళీ చేయించారు. దుప్పటి తీసేశారు, ఫ్యాన్ ఆపేశారు, కర్టెన్లు లాగేశారు. మమ్మల్నందర్నీ వసారాలో నిలబెట్టారు. వాడు నిద్రపోయాడు. ఇహ ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలిచారు. కోడలు వెళ్ళింది, ఏం లేదు. అత్త వెళ్ళింది, ఏం లేదు. నేను వెళ్ళాను, ఏం లేదు. ఆఖరున ఈయన వెళ్ళి వంగి చూశారు. వాడు ఇల్లెగిరిపోయేలా కేకపెట్టాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది, నా మీసమే దొంగ అని తిన్నగా వెళ్ళి గీయించుకొచ్చారు. ముప్ఫై ఏళ్ళ మీసం. అత్తా కోడలూ కలిసి ఒకటే నవ్వు. నాకు మాత్రం వారం రోజులు ఇంట్లో ఎవరో పరాయి మనిషి తిరుగుతున్నట్టుండేది."

నేనూ కడుపుబ్బ నవ్వాను. ఇస్త్రీ పెట్టె, గుమ్మం కిర్రుమనడం, కుళాయి కారడం, అన్నిట్లోనూ దొంగ బాబాయే. మనిషన్నాక ఇంత దురదృష్టం కూడా ఉంటుందా అనుకున్నాను. ఆ ప్రశ్న ఇంకాస్త లోతుగా అడిగి ఉండాల్సింది. అడగలేదు. నవ్వొచ్చే మనుషుల గురించి మనం ఎక్కువ ఆలోచించం.

నా మూడు నెలలూ శుక్రవారంతో పూర్తవుతాయనగా, బుధవారం పొద్దున్నే మందుల షాపావిడ మెట్లెక్కి వచ్చింది. ఆవిడ షాపు సైటు మేమే చూస్తాం. నెలనెలా మందులు తెప్పించుకునే పెద్దవాళ్ళు ఫోనులో ఆ సైటు తెరిచి, అందులో నంబరు నొక్కి ఆర్డరు చెబుతారు. వాళ్ళ పాత ఫోన్లలో పేజీ తెరుచుకోవడానికి యుగాలు పడుతోందంటే, పది రోజుల కింద నేనే ఒక కొత్త ప్లగిన్ పెట్టాను. అది ప్రతి పేజీకీ ఫోన్ల కోసం విడిగా ఒక పల్చటి కాపీ తయారుచేస్తుంది. అది చప్పున తెరుచుకుంటుంది. రెండు మూడు చోట్ల సర్దుబాట్లు మిగిలితే, సోమవారం అవి కూడా పూర్తిచేసి హమ్మయ్య అనుకున్నాను.

"పేజీ తెరుచుకోవడం లేదా అండీ?" అని మేడమ్ అడిగారు.

"బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది. వేలు పెట్టేలోపే వస్తోంది. లోపల ఏమీ లేదు. ఇంత వేగంగా ఏమీ లేకపోవడం నేనెక్కడా చూళ్ళేదు."

ఆవిడ ఫోను చూపించింది. పైన షాపు పేరు, కింద తెల్లటి తెలుపు. నంబరు లేదు, ఆర్డరు బటన్ లేదు, మందుల జాబితా లేదు.

"రెండ్రోజుల్నుంచి షాపు ఫోను మోగలేదు. చెడిపోయిందేమోనని నేనే నా ఫోనుకి చేసుకుని చూసుకున్నాను. నా దగ్గర బీపీ మాత్రలు కొనే వాళ్ళు ఈ రెండ్రోజులూ ఏం వేసుకున్నారో నాకు తెలీదండీ."

మా సైట్ల మీద పాత కుర్చీలూ కర్టెన్లూ అమ్ముకునేవాళ్ళున్నారు, రెండు రోజులు పోతే వాళ్ళు మమ్మల్ని తిడతారు, అంతే. ఇది అలాంటిది కాదు.

బాబాయి ఆవిడ కూర్చునేలోపే అసలు సైటులో నా ప్లగిన్ తాత్కాలికంగా ఆపేశారు. పేజీ మళ్ళీ బరువుగా, నిదానంగా, నంబరుతో సహా తెరుచుకుంది. ఆవిడ ఊపిరి పీల్చుకుని వెళ్ళింది. నాకు మాత్రం ఊపిరాడలేదు.

"తేలిపోయిందిగా" అన్నాడు బొమ్మలాయన. అతను చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "అక్క పెట్టింది తీస్తే పేజీ వచ్చింది. ఇంకా వెతకడానికేముంది?"

"నాది తీసినా వచ్చేదేమో. ఎవరు చూశారు?" అన్నారు బాబాయి.

మేడమ్ ఎవరి వైపూ చూడకుండా మాట్లాడారు. "సాయంత్రం ఐదుకల్లా ఎవరు పెట్టింది ఇలా చేసిందో నాకు తెలియాలి బాబాయ్. ఆవిడకి నేను జవాబు చెప్పుకోవాలి. మందుల విషయంలో ఇలాంటి పొరపాటు చేసేవాళ్ళని నేను పెట్టుకోలేను."

ఎవరి వైపూ చూడకపోయినా ఆ మాట ఎవరికో నాకు తెలుసు. మా అమ్మాయి బళ్ళో 'మా అమ్మ సైట్లు బాగుచేస్తుంది' అని వ్యాసం రాసి టీచరు చేత మెచ్చుకోలు తెచ్చుకుంది, ఆ ముందు వారమే. దానికి ఏం చెప్పాలో కూడా అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టాను.

బాబాయి ఆ సైటుకి నకలు ఒకటి తీసి నా కంప్యూటరులో పెట్టారు. ఏ ప్రయోగమైనా నకలు మీదే. మొత్తం ఇరవై మూడు ప్లగిన్లు. కాగితం మీద వరస రాసుకుని, అలవాటు ప్రకారం అరచేత్తో మూసుకున్నారు.

"అన్నీ ఆపు అమ్మాయ్. ఆపావా? ఇప్పుడు ముందు నీది పెట్టు."

పెట్టాను. ఆయన ఫోనులో పేజీ తెరిచి అందరికీ చూపించారు. నంబరు ఉంది, బటన్ ఉంది, జాబితా ఉంది, రెప్పపాటులో వచ్చింది.

"బాగానే ఉంది కదా" అన్నారు, బొమ్మలాయనకి వినపడేలా. "తర్వాతది."

ఒక్కోటీ పెట్టడం, ఫోనులో చూడటం, కాగితం మీద గీత గీయడం. అయిదోది వాతావరణం చూపించే ప్లగిన్.

"మందుల షాపులో వాతావరణం ఎందుకు బాబాయ్?"

"జల్లు పడితే దగ్గు మందు పైకి పెడుతుందిట ఆవిడ. తెలివైన మనిషి. తర్వాతది."

మధ్యాహ్నానికి పన్నెండు ప్లగిన్లు అయ్యాయి. డబ్బా తెచ్చిన పిన్ని గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "మళ్ళీ మొదలెట్టారా?" అని, కథ చెప్పకుండానే మెట్లు దిగిపోయింది. బొమ్మలాయన పెట్టిన ఫోటోల ప్లగిన్ పద్దెనిమిదోది. దాని వంతు వచ్చేసరికి అతని ముఖం కూడా పాలిపోయింది. అది గట్టెక్కాక కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు కొంచెం మెత్తగా చూశాడు. అనుమానం తనదాకా వస్తే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసి ఉంటుంది.

నాలుగున్నరకి ఇరవై రెండు పెట్టాం. పేజీ నిక్షేపంగా ఉంది. మిగిలింది ఒకటే, బాబాయి తొమ్మిదేళ్ళ కింద పెట్టిన పాత ప్లగిన్. పేజీల్లో పనికిరాని సరుకు ఏరేసి బరువు తగ్గించడం దాని పని. పెట్టాను. ఫోనులో పైన షాపు పేరు, కింద తెల్లటి తెలుపు.

"దొంగ దొరికాడు" అన్నారు బాబాయి.

బొమ్మలాయన నవ్వు ఆపుకోలేక బల్ల మీద పడిపోయాడు. మేడమ్ తల పట్టుకున్నారు.

"పొద్దుట్నుంచి అందర్నీ కూర్చోబెట్టి, చివరికి మీదా బాబాయ్?"

"నాదేనమ్మా. ముసలిదైపోయింది, నాలాగే." ఆయన తన ప్లగిన్ అమరికల్లోకి వెళ్ళి, 'బరువు తగ్గించు' అనే చోట టిక్కు తీసేశారు. పేజీ నిండుగా వచ్చింది. అసలు సైటులోనూ అలాగే సర్ది, నా ప్లగిన్ మళ్ళీ వేశారు. మేడమ్ షాపావిడకి ఫోన్ చేసి చెప్పారు. మా పెద్దాయనది అడ్డుపడిందంటే, ఆవిడ "పోనీండి, పెద్దాయనే కదా" అందట. శుక్రవారం నాడు నా ఉద్యోగం ఖాయమైంది. బాబాయి దురదృష్టం నాకు ఇలా కలిసొచ్చిందని, లోపల్లోపల కొంచెం సిగ్గుపడుతూనే సంతోషించాను.

నెల తర్వాత ఇంకో సైటుకి అదే ఫోన్ పేజీల ప్లగిన్ పెట్టాల్సి వచ్చి, మందుల షాపు నకలు తెరిచి నేను అప్పట్లో ఏమేం చేశానో చూసుకుంటున్నాను. నా ప్లగిన్ అమరికల్లో, 'బరువు తగ్గించు' దగ్గర టిక్కు ఉంది. ఆ సోమవారం సర్దుబాట్లలో నేనే పెట్టాను. చేరిన కొత్తలో బాబాయి నాకు రాయించిన నోట్సు తీశాను. మొదటి పేజీలోనే, నా దస్తూరిలోనే ఉంది: బరువు తగ్గించే పని పాత ప్లగిన్ చేస్తుంది, కొత్తదేది పెట్టినా అందులో ఆ టిక్కు పెట్టకూడదు.

నకలులో ఆ రెండు ప్లగిన్లకీ మొదటిలాగే టిక్కులు పెట్టి, ముందు బాబాయిది పెట్టాను. పేజీ బాగుంది. తర్వాత నాది పెట్టాను. తెల్లటి తెలుపు. వరస తిరగేశాను. ముందు నాది, బాగుంది. తర్వాత ఆయనది, తెలుపు. విడివిడిగా ఏదీ తప్పు చేయడం లేదు. ఒకటి పేజీలో చెత్త ఏరేశాక, రెండోది మిగిలిన అసలు సరుకుని కూడా చెత్త అనుకుని ఊడ్చేస్తోంది. రెండింట్లో ఏది ఆఖరున పెడితే అదే దొంగలా కనపడుతుంది. ఆ రోజు ఏది ఆఖరో రాసింది బాబాయే.

ఆయన మెట్ల మలుపులో కూర్చుని కాఫీ తాగుతున్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"బాబాయ్, ఆ టిక్కు నేను పెట్టిందే."

"అవును."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"పదిన్నరకి. నకలు తీస్తున్నప్పుడే కనపడింది."

"మరి సాయంత్రం దాకా ఆ నాటకమంతా ఎందుకు?"

"మధ్యలో చెబితే ఎవరు నమ్ముతారమ్మా? ఇరవై రెండూ బాగున్నాయని కళ్ళారా చూడాలి." కాఫీ ఒక గుక్క తాగారు. "రెండు కలిస్తే వచ్చే తగువులో తప్పు ఎవరిదంటే, ఆఖరున వచ్చినవాడి మీద పడుతుంది. నా మీద పడితే నవ్వుతారు. నీ మీద పడితే ఇంటికి పంపిస్తారు. అదీ లెక్క."

చార్జరు గుర్తొచ్చింది. అది గుయ్యిమన్నది బొమ్మలాయన ఇంటినుంచి తెచ్చిన నాసిరకం ప్లగ్గు బోర్డులో పెట్టినప్పుడు. మళ్ళీ ఎప్పుడూ ఆ చప్పుడు రాలేదు, ఆ బోర్డూ కనపడలేదు. అత్తాకోడళ్ళు గుర్తొచ్చారు.

"ఆ పసివాడు మీ మీసం చూసే ఏడ్చాడా బాబాయ్?"

"ఆకలేసి ఏడ్చి ఉంటాడు. వాడికి పాల వేళ దాటే దాకా నేను లోపలికి వెళ్ళలేదులే."

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఈ మనిషిని చూసి నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. తప్పు పట్టుకునే విద్య తెలిసినవాళ్ళని చాలామందిని చూశాను. పట్టుకున్నది ఎక్కడ దించితే ఎవరికీ దెబ్బ తగలదో చూసుకునే మనిషిని చూడటం అదే మొదలు. అలాగని ఉద్యోగం ఆయన వీపు మీద పెట్టుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. టిక్కు, నోట్సు, వరస, ఏదీ దాచలేదు.

మేడమ్ పెన్ను కింద పెట్టారు.

"ఆయన అందరి తప్పులూ తన మీదేసుకుంటారని నాకు ఎప్పట్నుంచో అనుమానమే. ఒక్క మనిషి ఇన్ని తప్పులు చెయ్యలేడు. కానీ ఎవరూ వచ్చి, అది నాది అని చెప్పలేదు."

"నన్ను..."

"నిన్నేం చెయ్యను? మందుల షాపు సైటు ఇకనుంచి నువ్వే చూడు. ఆవిడకి ఫోన్ చేసి జరిగింది చెప్పు. అదీ నువ్వే చెప్పు."

చెప్పాను. ఆవిడ పావుగంట తిట్టి, తర్వాత, ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళున్నారా, బీపీ చూపిస్తున్నారా అని అడిగింది.

కోపం వచ్చింది బాబాయికే. ఆయనకి కోపం రావడం నేను చూసింది అదొక్కసారే.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను? ఎన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు. ఇక నేను తప్పు చేశానంటే ఈ ఆఫీసులో ఒక్కరైనా నమ్ముతారా?"

ఆయన భయం వారం తిరక్కుండానే నిజమైంది. కర్టెన్ల షాపు సైటులో ఫోటోలన్నీ మాయమయ్యాయి. బాబాయి లేచి నిలబడ్డారు.

"నేనే తుడిచేశాను. పొరపాటున."

ఎవరూ తల తిప్పలేదు. బొమ్మలాయన నా దగ్గరికి వచ్చి, "అక్కా, నువ్వా?" అని గుసగుసగా అడిగాడు. "నేను కాదు. నువ్వా?" అన్నాను. మేడమ్ ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, భయపడకుండా చెప్పండి, ఏమీ అనను అని బతిమాలారు. బాబాయి కూడా లోపలికి వెళ్ళారు.

"నేనేనమ్మా."

"మీరు కూర్చోండి బాబాయ్. మీ సంగతి మాకు తెలుసు."

ఆయన బల్ల బల్లకీ తిరిగారు. ఎవరు కనపడితే వాళ్ళకి చెప్పుకున్నారు. అందరూ ఆయన భుజం తట్టి, మీ మనసు వెన్న బాబాయ్ అన్నారు. చివరికి నా దగ్గరికి వచ్చారు. ముఖం వాడిపోయింది.

"అమ్మాయ్, నువ్వైనా నమ్ము. పదకొండింటికి కళ్ళద్దాలు పెట్టుకోకుండా నొక్కాను."

సైటులో ఎవరు ఎప్పుడేం చేశారో రాసి ఉండే జాబితా ఒకటి ఉంటుంది. తెరిచి చూశాను. పదకొండు దాటి నాలుగు నిమిషాలకి, ఆయన పేరుతోనే, అన్నీ తుడిచేసినట్టు ఉంది. నేను లేచి, అందరికీ వినపడేలా ప్రకటించాను.

"ఈసారి నిజంగా బాబాయే."

బొమ్మలాయన వచ్చి స్వయంగా చదువుకున్నాడు. మేడమ్ కూడా వచ్చి చదువుకున్నారు. బాబాయి చొక్కా కాలరు సర్దుకుని, కోర్టులో కేసు గెలిచిన మనిషిలా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. మూడు వందల ఫోటోలు మళ్ళీ ఎక్కించాలి, తప్పు నాది కాబట్టి నేనొక్కణ్ణే ఎక్కిస్తానన్నారు. ఆ ఒక్క మాట మాత్రం మేమెవరం వినలేదు. తలా డెబ్భై అయిదు పంచుకుని సాయంత్రానికి పూర్తిచేశాం.